కియాంగన్ మళ్ల వయసు తగ్గితే పరువు పోతుందా?

ఫిలిప్పీన్స్ గురించి ఏ టూరిజం పేజీ తెరిచినా, ఉత్తరాది కొండల్లో ఉండే ఇఫుగావో జాతి వాళ్ల మెట్ల పొలాల ఫొటో కింద ఒకే మాట: రెండువేల ఏళ్ల నాటివి. స్కూలు పుస్తకాల్లోనూ తరాలుగా అదే పాఠం. ఈ అంకె ఎలా పుట్టిందో చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికన్ పాలన కాలంలో ఆ కొండల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్తలు హెన్రీ ఓట్లీ బేయర్, రాయ్ బార్టన్ వేసిన అంచనా అది. ఇంత కొండను చేత్తో చెక్కి, గోడలు కట్టి, నీళ్లు మళ్లించాలంటే కనీసం అన్నేళ్లు పట్టి ఉండాలని వాళ్లు లెక్కగట్టారు. అప్పటికి తవ్వకమూ లేదు, కార్బన్ పరీక్షా లేదు.

ఆ లెక్కను తిరగరాసిన ఊరు కియాంగన్. మనీలాకు ఉత్తరాన 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, కార్డిలెరా పర్వతాల్లో ఉన్న చిన్న పట్టణం. ఇఫుగావోల సంప్రదాయ కథల్లో తమ మొదటి ఊరు ఇక్కడి ఇబులావ్ ఏటి ఒడ్డునే ఉంది. విగన్, బుగన్ అనే జంట నుంచి తమ జాతి పుట్టిందంటారు. ఆ పాత ఊరు, ఓల్డ్ కియాంగన్, ఉన్న చోటే పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో బృందం 2012 నుంచి స్థానికులతో కలిసి తవ్వింది.

అంతకుముందే, 2009లో, అకబాడో మెట్ల తేదీలపై ఒక పరిశోధన ప్రచురించాడు. గోడల వయసు తేల్చడం తేలిక కాదు. రాయికి పరీక్ష చేస్తే అది కట్టిన ఏడు తెలియదు. గోడ కింద దొరికే బొగ్గు ముక్క ఎప్పటిదో కావచ్చు, పైనుంచి కొట్టుకొచ్చినదీ కావచ్చు. అందుకే ఏ మడి ముందు, ఏ మడి తర్వాత అన్న వరుసను కూడా లెక్కలోకి తీసుకుని తేదీలు కట్టారు. అవి స్పానిష్ వాళ్లు ఈ కొండలున్న లూజాన్ దీవిలో అడుగుపెట్టిన తర్వాతి కాలాన్ని చూపించాయి. పాత ఊరి తవ్వకమూ అదే చెప్పింది. ఊరు అంతకు కొన్ని శతాబ్దాల ముందు నుంచే ఉంది. కానీ అడుగు పొరల్లో కనిపించిన పంట చేమ. నీళ్లు నిలబెట్టి పండించే వరి ఆనవాళ్లు సుమారు 1650 తర్వాతే.

ఇక్కడ మ్యాప్ చూడాలి. కియాంగన్ నీళ్లు ఇబులావ్ మీదుగా మగట్ నదిలో కలుస్తాయి. మగట్ వెళ్లి కగయాన్‌లో పడుతుంది. కింద విశాలమైన లోయలు, పైన నిట్రంగా లేచే వాలులు. లోయలు స్పానిష్ చేతికి చిక్కాక అక్కడి జనాన్ని చెదురుమదురు పల్లెల నుంచి తెచ్చి చర్చి చుట్టూ కొత్త ఊళ్లలో కూర్చోబెట్టారు. కప్పం, వెట్టిచాకిరీ, మతమార్పిడి. ఇవి పడనివాళ్లకు దగ్గర్లో ఉన్న దారి ఏటి వెంట ఎగువకే. కొండల్లో జనం పెరిగితే చేమ, పోడు సరిపోవు. అదే వాలులో ఎక్కువ మందికి తిండి పెట్టగలిగింది నీటి మడి. మానవశాస్త్రవేత్త ఫెలిక్స్ కీసింగ్ 1960ల్లోనే స్పానిష్ రికార్డులు చదివి ఈ సంగతి ఊహించాడు. అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు.

వరి వచ్చాక మారింది ఒక్క తిండే కాదు. పాత ఊరిలో ఆ కాలపు పొరల్లో పంది ఎముకలు పెరిగాయి. పందులు కోసేది ఎక్కువగా క్రతువులకూ విందులకూ. చైనా పింగాణీ ముక్కలు, జాడీలు, గాజు పూసలూ పెరిగాయి. ప్రపంచంతో సంబంధం లేని జాతి అని పేరు పెట్టిన ఊళ్లో చైనా సరుకు! పొలం ఉన్నవాడు పెద్దమనిషి అయ్యాడు, విందు పెట్టినవాడి మాట చెల్లింది. స్పానిష్ పాలకులు ఎన్ని దండయాత్రలు చేసినా 19వ శతాబ్దం చివరిదాకా ఇక్కడ గట్టి పట్టు దొరకలేదంటే వెనక ఇలా కూడిన బలమే ఉందని నా అభిప్రాయం.

చర్చ ముగిసిందని అనను. రాబర్ట్ మాహర్ అనే పరిశోధకుడు అకబాడో కంటే ముందు చేసిన తవ్వకాల్లో ఇంకా పాత తేదీలు వచ్చాయి. అయితే జనం ఉన్న కాలం వేరు, నీటి మళ్లు కట్టిన కాలం వేరు. రెండూ కలిపేస్తే ఎంత వయసైనా తేల్చొచ్చు. మళ్ల వయసు తగ్గిస్తే తమ ఘనత తగ్గినట్టేనని కొందరు ఇఫుగావోలు బాధపడటం నాకు అర్థమవుతుంది. కానీ రెండువేల ఏళ్ల కథలో వాళ్లు కదలని బొమ్మలు. నాలుగొందల ఏళ్ల లోపు కథలో ఒక సామ్రాజ్యాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, కొత్త వ్యవసాయం నేర్చి, కొన్ని తరాల్లోనే కొండల రూపు మార్చినవాళ్లు. ఏది పెద్ద ఘనత?

ఈ తేడా సంరక్షణకూ ముఖ్యమే. 1995లో యునెస్కో గుర్తించిన ఐదు సముదాయాల్లో కియాంగన్‌లోని నగకదన్ ఒకటి. ఈ పొలాలు 2001లో యునెస్కో ప్రమాద జాబితాకెక్కి 2012లో బయటపడ్డాయి. ఏడాదికి ఒకే పంట ఇచ్చే తినావన్ వరి వేసేవాళ్లు, కాలువ పూడిక తీసేవాళ్లు, మళ్లకు పైన ఊట నిలిపే ముయోంగ్ అడవిని చూసుకునే కుటుంబాలు పట్నాలకు వెళ్లిపోతే గోడలు ఎక్కువ కాలం నిలవవు. డబ్బు పురాతన కట్టడానికని రాసుకుంటే రాళ్లు పేర్చడానికి పోతుంది. మనుషులు నడుపుతున్న వ్యవసాయానికని రాసుకుంటే వడ్ల ధర దగ్గర, కూలి దగ్గర, నీటి దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది.