బ్యాక్‌లాగ్ అనకండి, నాకు సప్లీలు గుర్తొస్తాయి

నిన్న రాత్రి పదకొండున్నరకి, ఇంట్లో అందరూ పడుకున్నాక కంప్యూటర్ గేములు కొని ఆడుకునే స్టీమ్ యాప్ తెరిచాను. చేతిలో గంట టైముంది. ఏది ఆడదామా అని లైబ్రరీ పైకీ కిందకీ తిప్పడంలోనే నలభై నిమిషాలు పోయాయి. చివరికి ఒకటి నొక్కితే అప్‌డేట్ మొదలైంది. అది అయ్యేలోపు నాకు కునుకొచ్చింది. ఇలా జరగడం ఇది పదోసారో పదిహేనోసారో. అందుకే కాస్త కోపంగానే రాస్తున్నా.

లెక్క చెప్తా. ముట్టుకోనివీ, మధ్యలో వదిలేసినవీ కలిపి నా దగ్గర 143 గేములున్నాయి. ఒక్కోదానికి 30 గంటలు వేసుకుంటే 4,290 గంటలు. ఆఫీసు, పిల్లాడి హోంవర్కు, కూకట్‌పల్లి ట్రాఫిక్ పోను నాకు వారానికి మిగిలేది అయిదు గంటలు. అంటే పదహారున్నరేళ్లు. ఇప్పుడు నాకు 37. ఇవాళ్టి నుంచి కొత్తది ఒక్కటీ కొనకపోయినా 53 దాటాక ఖాళీ అవుతాను. కొనకుండా ఉంటానా? 2015లో స్టీమ్ ధరలు రూపాయల్లోకి మారినప్పటి నుంచి నా చెయ్యి ఆగలేదు. సమ్మర్ సేల్‌లో 75 శాతం తగ్గింపు అని కనపడితే కూరగాయలు బేరమాడినంత సేపు కూడా ఆలోచించను. ఎపిక్ అనే ఇంకో గేముల షాపు వాళ్లయితే 2018 చివరి నుంచి గేములు ఊరికే పంచుతున్నారు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగే జాతి కదా మనది, అవీ ఓ పక్కన పోగుపడ్డాయి.

ఇలా ఆడకుండా పేరుకుపోయిన గేములకి ఓ పేరుంది. అసలు చిక్కంతా ఆ మాటలో ఉందని నా అనుమానం. బ్యాక్‌లాగ్. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఆ మాట వినగానే కడుపులో దేవుతుంది. ఎం-త్రీ అనే మ్యాథ్స్ పేపరు పోయింది, సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) ఫీజు కట్టాలి, ఇంట్లో తెలియకూడదు. ఆఫీసుకెళ్తే అక్కడా బ్యాక్‌లాగే, పొద్దున్నే మేనేజర్ మిగిలిపోయిన పనుల చిట్టా ఉండే జిరా సాఫ్ట్‌వేర్ తెరిచి కూర్చుంటాడు. అదే మాట తెచ్చి సరదాగా ఆడుకునే గేములకి ఎవరు తగిలించారో గానీ, నా లైబ్రరీ మొత్తం నేను తప్పిన సబ్జెక్టుల్లా కనపడుతోంది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివేటప్పుడు ఒక్క గేమూ పూర్తి చేసిన పాపాన పోలేదు. నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలు. ప్రాజెక్ట్ ఐజీఐలో మొత్తం 14 మిషన్లు, మిషన్ మధ్యలో సేవ్ అనేదే ఉండదు. అలారం మోగిందా, చచ్చామా, మళ్లీ మొదటి నుంచి. సరిగ్గా కంచె దాటుతుంటే వెనక నుంచి "టైం అయింది బాబూ" అని అన్న వచ్చి నిలబడేవాడు. వైస్ సిటీలో ఎలాగోలా సేవ్ చేసి వెళ్తే మర్నాటికి ఇంకెవడో దాని మీదే వాడిది సేవ్ చేసుకునేవాడు. ఎవరం ఏడవలేదు. ప్యాంజర్ అని చీట్ కోడ్ టైప్ చేసి ట్యాంకు దింపుకుని ఊరు మీద పడేవాళ్లం. ఆ కథలో చివరికి ఏమవుతుందో మా బ్యాచ్‌లో ఒక్కడికీ తెలియదు. కానీ అడిగితే అందరం ఆడాం అనే చెప్తాం.

పూర్తి చేయాలనే పిచ్చి తర్వాత పట్టింది. గేములు అచీవ్‌మెంట్లనీ, ఎంత పూర్తయిందో శాతాలనీ చూపించడం మొదలెట్టాక. విచర్ 3లో బ్లడీ బారన్ కథ అయ్యేసరికే నాకు కడుపు నిండిపోయింది. రెండు రోజులు ఆఫీసులో కూడా అదే ఆలోచన. అక్కడితో లేచిపోవాల్సింది. ఆకులో వదిలేస్తే అన్నపూర్ణమ్మకి కోపం వస్తుందని చిన్నప్పుడు మా నాయనమ్మ బెదిరించింది కదా, అందుకని అదే గేమ్‌లోని స్కెల్లిగే సముద్రంలో పడవేసుకుని మ్యాప్ మీద ప్రశ్నార్థకాలు ఏరుకుంటూ తిరిగాను. ప్రతిదాని దగ్గరా అవే నీళ్లలో తేలే పెట్టెలు, వాటి చుట్టూ అవే రెక్కల దెయ్యాలు. మూడు వారాల రాత్రులు వాటికే ధారపోశాను.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ది ఇంకో కథ. మూడో చాప్టర్‌లో ఆపి ఎనిమిది నెలల తర్వాత తెరిచా. ఏ బటన్ దేనికో వేళ్లకి గుర్తులేదు. గేమ్‌లోని వాలెంటైన్ అనే ఊరి వీధిలో గుర్రం ఎక్కబోయి పక్కనున్న పెద్దమనిషి మీద చెయ్యి చేసుకున్నా. అరనిమిషంలో ఊరు ఊరంతా తుపాకులతో నా వెంట పడింది. అప్పుడు ఆపేసినవాణ్ణి, "ఎప్పటికైనా పూర్తి చేస్తా" అంటూ 100 జీబీకి పైగా జాగా దానికి అద్దె లేకుండా ఇచ్చి పెట్టాను.

డబ్బు పెట్టాం కదా అంటారా? స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసిస్తారు. నాలాంటి వాడు సేల్‌లో కొని నెల తర్వాత తెరుస్తాడు, ఒక్క నిమిషం ఆడకపోయినా గడువు దాటినట్టే. పైగా మనం కొనేది గేమ్ కాదు, ఆడుకోవడానికి లైసెన్స్ మాత్రమే. పాత పుస్తకాలైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన పోతాయి. వీటిని తమ్ముడికి రాసివ్వడానికి కూడా లేదు. ఆ డబ్బు ఎప్పుడో పోయింది. దానికోసం ఇప్పుడు నిద్ర కూడా పోగొట్టుకోవడం దేనికి?

ఎక్సెల్ పెట్టుకోమన్నారు కొందరు. పెట్టాను. గేమ్ పేరు, ఎన్ని గంటలు, ప్రయారిటీ, రంగులు కూడా వేశా. మా ఆవిడ వెనక నుంచి చూసి "మళ్లీ ఆఫీసు పనా?" అంది. ఆ షీట్ ఆ రోజే తీసేశా.

ఇప్పుడు స్టీమ్‌లో "చాల్లే" అని ఒక కలెక్షన్ చేసుకున్నా. తెరవబోతూ నిట్టూర్పు వస్తే ఆ గేమ్ అందులోకి. హీరో ఎవరి కోసం ఎక్కడికి పోతున్నాడో గుర్తులేకపోయినా అందులోకే. రెండు వారాల్లో 61 వెళ్లాయి. సెకీరో వెళ్లింది, నా చేతులకంత వేగం లేదు, ఒప్పుకుంటున్నా. పెర్సోనా 5 వెళ్లింది, అది అయ్యేలోపు మావాడు టెన్త్‌కి వచ్చేస్తాడు. హాలో నైట్ దగ్గర మాత్రం మనసొప్పలేదు, రెండుసార్లు అందులో వేసి రెండుసార్లు బయటికి తీశా.

మొన్న ఆదివారం మేనల్లుడు వచ్చాడు. ఇంజినీరింగ్ సెకండియర్, రెండు నిజమైన బ్యాక్‌లాగులున్నాయి వాడికి. నా లిస్టు చూసి "ఇవన్నీ పూర్తి చేస్తే ఏమన్న సర్టిఫికెట్ ఇస్తరా మామా? లైట్ తీస్కో" అన్నాడు. సప్లీలు ఉన్నవాడి నోట సర్టిఫికెట్ మాట విని నాకు నవ్వాగలేదు. పాత వైస్ సిటీ పెట్టి ప్యాంజర్ కొట్టిచ్చా. ట్యాంకు ఎక్కి వీధి చివరిదాకా తోలి, తిన్నగా తీసుకెళ్లి సముద్రంలో పడేశాడు.

"వీనికి ఈత రాదా మామా?"

"రాదురా."

"మళ్ల కొట్టు కోడ్" అన్నాడు.