వెబ్ టెలిస్కోప్‌లో అసలు ఘనత శీతల యంత్రానిదే

జేమ్స్ వెబ్ పేరెత్తగానే అందరూ దాని 6.5 మీటర్ల బంగారు పూత అద్దాన్నే పొగుడుతారు. నా దృష్టిలో ఆ టెలిస్కోప్‌లోని అత్యంత సాహసోపేతమైన ఇంజినీరింగ్ మిరి అనే మధ్య పరారుణ పరికరాన్ని చల్లబరిచిన తీరులో ఉంది.

వేడి ఉన్న ప్రతి వస్తువూ పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతిని పట్టే పరికరమూ అందుకు మినహాయింపు కాదు. 5 నుంచి 28 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వరకు ఉన్న కాంతిని చూసే మిరి డిటెక్టర్లను ఆర్సెనిక్ కలిపిన సిలికాన్‌తో చేశారు. వాటిని 7 కెల్విన్ల లోపు, అంటే సుమారు మైనస్ 266 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచకపోతే, సుదూర నక్షత్ర మండలాల సంకేతం వాటి సొంత వేడి పుట్టించే రొదలో కలిసిపోతుంది. మిగతా మూడు పరికరాలకు ఐదు పొరల సూర్యకవచం నీడే చాలింది. మిరికి మొదట ఘన హైడ్రోజన్ నింపిన పాత్ర అనుకున్నారు. బరువు తగ్గించేందుకు దాన్ని వదిలి హీలియం వాయువుతో నడిచే క్రయోకూలర్ అనే శీతల యంత్రాన్ని ఎంచుకున్నారు. ద్రవ హీలియం నిల్వపై ఆధారపడిన నాసా పరారుణ టెలిస్కోప్ స్పిట్జర్‌కు 2009లో అది నిండుకున్న సంగతి తెలిసిన వారికి ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. వెచ్చని సూర్యుడి వైపున కంప్రెసర్, అక్కడి నుంచి సుమారు 10 మీటర్ల దూరాన చల్లబడాల్సిన పరికరం, మధ్యలో సన్నని గొట్టాలు. పైగా పిస్టన్ల కదలిక చిత్రాన్ని వణికించకూడదు. 2022 ఏప్రిల్‌లో మిరి ఆ చలిని అందుకుంది.

భారత్ కూడా ఈ శీతలీకరణ విద్యను సాధించాలంటే, వెయ్యి కోట్ల డాలర్ల ప్రాజెక్టుతో మనకేం పోలిక అనేవారున్నారు. ఖర్చు మాట నిజమే కానీ, నేనడిగేది టెలిస్కోప్ కాదు, శీతలీకరణ నైపుణ్యం.

మనకు ఆ పునాది లేకపోలేదు. ముంబైలోని పరిశోధనా సంస్థ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ మీటరు వ్యాసపు పరారుణ టెలిస్కోప్‌ను హైదరాబాద్ నుంచి బెలూన్లలో ఎగరేసింది. పొలాల్లో దిగిన బెలూన్ పరికరాలను ముట్టుకోవద్దన్న ప్రకటనలు తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. అయినా 2015లో ఎగిరిన మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ దృశ్య కాంతి, అతినీలలోహిత, ఎక్స్ కిరణాలకే పరిమితమైంది. పదేళ్లపాటు ఒక కంప్రెసర్‌పై పనిచేసిన ఇంజినీరుకు చెప్పుకోదగ్గ పరిశోధనా పత్రాలు రెండో మూడో మిగిలితే, పదోన్నతి కమిటీలు అతన్ని పట్టించుకోవు. కాబట్టి తదుపరి ఖగోళ ఉపగ్రహ ప్రతిపాదన కంటే ముందే క్రయోకూలర్‌కు విడిగా నిధులు కేటాయించాలి; పరీక్షల్లో నెగ్గిన పరికరాన్ని పరిశోధనా పత్రంతో సమానంగా లెక్కించాలి.