ప్రశ్న అడగని వైద్యులు

కిందటేడు నా మోచేతి మీద గుండ్రటి మచ్చ లేచింది. ఒకటే దురద. ఫొటో తీసి, "ఇదేమిటో తెలిసినవారు చెప్పండి" అని పోస్టు పెట్టాను. గంట తిరిగేసరికి నలభై వ్యాఖ్యలు! అలర్జీ అని ఒకరు, కాలేయం చెడిందని ఒకరు, ఒంట్లో వేడి అని మరొకరు. ఒకాయన ఏకంగా క్రీము పేరే రాసి, "నాకు రెండు రోజుల్లో తగ్గింది" అన్నారు. లైకులన్నీ ఆయనకే. కొని రాసుకున్నాను. నిజంగానే రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. ఆయనకు ధన్యవాదాలు కూడా చెప్పాను.

మూడు వారాలకు మచ్చలు భుజం దాకా పాకాయి. చర్మవ్యాధుల డాక్టరు చూడగానే అడిగిన మొదటి మాట: "దీనికి ఏం రాశారు?"

అది తామర. ఫంగస్ వల్ల వచ్చేది. నేను పూసింది స్టిరాయిడ్ క్రీము. అది ఎరుపునూ దురదనూ అణచిపెడుతుందే తప్ప ఫంగస్‌ను చంపదు. పైగా దాన్ని అడ్డుకునే శక్తి చర్మానికి తగ్గిపోతుంది. తగ్గిందని నేను మురిసిపోతుంటే అది తాపీగా పాకుతూ పోయింది.

ఆవిడ ఇంకా చాలా అడిగారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, షుగరు ఉందా, వేరే మందులేమైనా వాడుతున్నారా అని. నలభై మందిలో ఒక్కరంటే ఒక్కరు ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నా కోపమంతా అక్కడే.

ఎవరైనా జ్వరమని రాస్తే చాలు, మాత్రల పేర్లు వరస కడతాయి. అది డెంగీ అయితే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరం వచ్చింది పిల్లవాడికైతే ఆస్పిరిన్‌తో, మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. అరుదే, కానీ ప్రాణాలు తీయగలదు. "వయసెంత?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? 2020లో మద్యం తాగితే కరోనా పోతుందన్న పుకారు నమ్మి ఇరాన్‌లో వందల మంది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ తాగి చనిపోయారు. ఆ పుకారును పంపినవారిలో ఎక్కువమంది మంచి చేస్తున్నామనే అనుకుని ఉంటారు.

ఇలాంటి పోస్టులన్నీ చెడ్డవని అనను. అరుదైన జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకు, తమలాంటి మరో కుటుంబం దొరికేది చాలాసార్లు ఇక్కడే. డాక్టరును ఏమేం అడగాలో వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. అది వేరే సంగతి.

"నాకు తగ్గింది" అన్న మాటతోనే చిక్కంతా. తగ్గినవారు వచ్చి రాస్తారు, వికటించినవారు రాయరు. నేనూ చాలాకాలం రాయలేదు, సిగ్గేసి. చివరికి పోయిన నెల ఆ పాత పోస్టు వెతికి, ఆ క్రీము వల్ల ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాశాను. రెండు లైకులు వచ్చాయి. కింద ఒకరి ప్రశ్న: "అయితే మీకు దేంతో తగ్గిందో ఆ మందు పేరు చెప్పండి, మా బాబుకూ ఇలాగే ఉంది."