ప్రయారిటీ డేట్ గారికి, డల్లాస్ నుంచి

మహారాజశ్రీ ప్రయారిటీ డేట్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు ఉన్నచోటే కదలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. 2015 మార్చిలో, అమెరికా గ్రీన్‌కార్డు క్యూలో నా వంతు లెక్కకట్టే తేదీగా మీరు నా పేరు మీద పుట్టారు. అప్పట్నించి మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మిమ్మల్ని అడక్కుండా జరగలేదండీ, ఉద్యోగం మారాలన్నా ఇల్లు కొనాలన్నా ముందు క్యూ ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే నెలవారీ వీసా బులెటిన్ చూడటమే. చిలుకూరు బాలాజీ గుళ్ళో హెచ్-1బీకి 11 ప్రదక్షిణలు చేశా, వచ్చాక 108 తీర్చేశా, మీకోసం మళ్ళీ 11 చేశా గానీ ఆ 108 ఇంకా బాకీ ఉంది.

2022 సెప్టెంబర్ గుర్తుందా? ఈబీ-2 ఇండియా, అంటే పెద్ద చదువులున్న ఉద్యోగుల్లో మన దేశం వాళ్ళ క్యూ, 2014 డిసెంబర్ దాకా వచ్చింది, ఇంకో నాలుగు నెలలు జరిగితే మనదే అని మా ఆవిడ తెనాలికి టికెట్లు కూడా చూడటం మొదలుపెట్టింది. అక్టోబర్ బులెటిన్ తెరిస్తే 2012 ఏప్రిల్! రెండున్నరేళ్ళ పైనే వెనక్కండీ, ఒక్క నెలలో. ఆ రోజు పొయ్యి మీద పప్పు మాడింది, ఎవ్వరం ఏం అనలేదు.

మీ తప్పేం లేదులెండి. ఉద్యోగాల మీదిచ్చే గ్రీన్‌కార్డుల కోటా ఏడాదికి లక్షా నలభై వేల చిల్లర, ఏ దేశానికైనా 7 శాతమే అన్నారు. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కీ మనకీ అదే లెక్క, సమానత్వం అంటే ఇదే కామోసు.

వేరే దార్లు లేవా అంటే ఉన్నాయి. కనీసం 8 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి పదిమందికి ఉద్యోగాలిస్తే ఒకటి. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి అందరూ ఐదేళ్ళు ఆగాలి గానీ సిటిజన్‌ని పెళ్ళి చేసుకుని కలిసుంటే మూడేళ్ళే. ఇది మా ఆవిడ రెండుసార్లు చదివి నావైపు అదోలా చూసింది.

అన్నిట్లోకీ ఈజీ దారి మా చిన్నదానిది, ఇక్కడి ఆసుపత్రిలో పుట్టింది, అయిపోయింది. దానికిప్పుడు 12. ఇంకో తొమ్మిదేళ్ళకి 21 నిండితే మమ్మల్ని స్పాన్సర్ చేస్తుందంట, తల్లిదండ్రులకి క్యూ ఉండదంట. మీరు ముందొస్తారో, అది ముందు పెద్దదవుతుందో అని ఇంట్లో పందేలు. అందరం దానిమీదే కాశాం, ఏమనుకోకండి. పెద్దోడు గుంటూరులో పుట్టాడు, రెండేళ్ళప్పుడు తెచ్చాం, వాడికి 21 నిండిన రోజు, నా వీసా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా పోద్ది. వాడిమీద పందెం ఎవ్వరం కాయట్లేదు.

మీరొచ్చాక కూడా కథ ఉంది లెండి. పౌరసత్వ పరీక్షకి 128 ప్రశ్నలు బట్టీ పట్టాలి, 20 అడిగితే 12 చెప్పాలి. ప్రమాణం చేస్తే ఇండియా పౌరసత్వం దానంతటదే పోద్ది, పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకోవాలి. దాంతో పొలం కొనకూడదంట. మా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా పక్క అరెకరం బేరానికుంది కొనరా అంటాడు, ఇప్పుడే కొను నాన్నా అని నేనూ, నీ పేరు మీదేరా అని ఆయనా, ఇదో సీరియల్.

నిన్న చిన్నది క్విజ్ పెట్టింది, సెనేటర్ టర్మ్ ఎన్నేళ్ళు నాన్నా అని. ఆరు అన్నా. కరెక్ట్ అని టిక్ కొట్టి, నువ్వు క్యూలో నిలబడి ఎన్ని టర్ములయ్యాయి అంది. ఆ ప్రశ్న 128లో లేదమ్మా అన్నాను.

కొత్త బులెటిన్ వచ్చే టైమైంది, ఉంటానండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే ఈబీ-2 భక్తుడు

తా.క.: రాకపోయినా పర్లేదు, వెనక్కి మాత్రం వెళ్ళకండి.