ఎలో రేటింగ్ గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ ఎలో రేటింగ్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. మొన్న దసరా సెలవుల చెస్ టోర్నమెంటులో, గడియారం సెంటర్ దగ్గరి ఫంక్షన్ హాల్లో, ఆట బలాన్ని బట్టి మీరు నాకు వేసిన 1700 అంకె ఎదుట ఒక నాలుగో తరగతి పిల్లగాడి 1430 కూర్చుంది. ఫలితం ఈపాటికి మీకు చేరే ఉంటుంది.

పిల్లగాడి మీద నాకు కోపం లేదు. ఒకదాని మీద ఒకటి రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చోబెట్టారు, అయినా కాళ్ళు నేలకు అందలేదు. నా వైపు వరసలు అందుకోవాలంటే కుర్చీ మీద మోకాళ్ళు మోపి లేవాల్సిందే. కాసేపటికి నాకు సంగతి అర్థమైంది. వాడు లేచాడంటే నా వెనక వరసకు మూడిందన్నమాట. లేవకుండా ఆడినప్పుడల్లా ఊపిరి పీల్చుకున్నాను. నేను తల పట్టుకుని ఇరవై నిమిషాలకు ఒక ఎత్తు వేస్తే, వాడు పక్క బోర్డులన్నీ చూసొచ్చి, నిలబడే ఆడి, స్కోరు షీటులో గుండ్రంగా రాసుకుని మళ్ళీ వెళ్ళిపోయేవాడు. చివరికి డ్రా అడిగాను. "వద్దు అంకుల్, మీ రూక్ పోతది" అన్నాడు, మర్యాదగానే. పోయింది.

బయట వాళ్ళమ్మ టిఫిన్ బాక్సుతో నిలబడి ఉంది. రోజూ ఎంతసేపు ఆడతాడమ్మా అని అడిగాను. "బడికెంచి రాంగనే ఫోన్ల పజిల్స్ పట్టుకుంటడు సార్, అన్నం గూడ తినడు. టోర్నమెంట్లంటరా, గిట్ల దగ్గర్ల పెడితేనే తీస్కొస్తం. మాటిమాటికి హైదరాబాద్ పోవాలంటే మాతోని ఏడైతది?" అంది.

అదీ కథ. వాడు రోజూ ఎదుగుతున్నాడు, మీ దగ్గర హాజరు వేయించుకునేది మాత్రం ఎప్పుడో ఒకసారి. మీ ఖాతాలో ఇంకా నిరుటి పిల్లగాడే ఉన్నాడు. నేను ఆడింది ఈ ఏటి వాడితో.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. మా ఇద్దరి మధ్య తేడా 270. అంటే గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున వంద ఆటల్లో నాకు 83 పాయింట్లు, ఆటకు 0.83, రావాలని మీ పట్టిక చెబుతుంది. ఓడాను కాబట్టి ఆ 0.83ను 20తో గుణించి నా దగ్గర 16.6 కోసుకున్నారు. వాడికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి 40తో గుణించి 33.2 ముట్టజెప్పారు. పిల్లలకు 40, మాబోటి పెద్దలకు 20, 2400 దాటిన మహానుభావులకు 10. చాలా బాగుంది. పిల్లలు మీ అంకె కంటే వేగంగా ఎదుగుతారని మీకూ తెలుసన్నమాట. తెలిసే ఈ 40 పెట్టారన్నమాట.

అయితే ఒక్క మాట అడుగుతాను. వాడికి 40 కాదు, 400 ఇచ్చుకోండి, నాకేం నొప్పి లేదు. నా 16.6 ఎందుకు తీశారు? వాడు 1430 అని చెప్పింది మీరు. నమ్మింది నేను. తప్పు అంకె రాసింది నువ్వైతే జరిమానా నాకు వేస్తావా? ఏ ఊరి న్యాయం ఇది?

అసలు నేను ఆడనంటే ఆడనన్నాను. 2024 మార్చిలో ప్రపంచ చెస్ సంస్థ ఫిడే వాళ్ళకు మా మీద జాలి కలిగి, 2000 లోపు వాళ్ళందరికీ, 2000కు ఎంత తక్కువో ఆ లోటులో నలభై శాతం కలిపారు. 1500 ఉన్న నాకు 200 కలిసి 1700 అయింది. దాన్ని బ్యాంకు లాకర్లో బంగారంలా దాచుకున్నాను, ఏ టోర్నమెంటుకూ తీయలేదు. ఏడాది ఆడకపోయేసరికి పేరు పక్కన ఇనాక్టివ్ అని ముద్ర కొట్టావు. ఆడితే పాయింట్లు పోతాయి, ఆడకపోతే పరువు పోతుంది. ఆ 2024లోనే కోల్‌కతాలో మూడేళ్ళ ఎనిమిది నెలల బాబుకు 1555 ఇచ్చావు. ఇన్నేళ్ళు ఆడి నేను చేరుకున్న 1500 కంటే అది ఎక్కువని నీకు గుర్తుందో లేదో.

మీ నాయన అర్పాద్ ఎలో పెద్దమనిషి, ఫిజిక్స్ ప్రొఫెసర్. మనిషి ఆట నెమ్మదిగా మారుతుందని నమ్మి లెక్క కట్టాడు. ఆయన కాలానికి అది సరే. 1958లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ పదిహేనేళ్ళకు చెస్‌లో అన్నిటికన్నా పెద్ద బిరుదు గ్రాండ్‌మాస్టర్ అందుకుంటే ఆ రికార్డు 33 ఏళ్ళు నిలిచింది. 2021లో అభిమన్యు మిశ్రా పన్నెండేళ్ళ నాలుగు నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయిపోయాడు. కరోనాలో టోర్నమెంట్లు ఆగిపోతే పిల్లలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేల ఆటలు ఆడారు. వాళ్ళు ఆడినన్నాళ్ళూ నువ్వు నిద్రపోయావు. లేచాక పాత అంకెలే పట్టుకుని మా మీదికి తోలావు.

దెబ్బ తిన్నది నేనొక్కడినే కాదని తెలుసు. 2024 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో ఎనిమిదేళ్ళ అశ్వత్ కౌశిక్ చేతిలో జాసెక్ స్తోపా అనే పోలండ్ గ్రాండ్‌మాస్టర్ ఓడాడు. ఆయన వయసు 37. 2025లో లివర్‌పూల్‌లో పదేళ్ళ బోధన శివానందన్ చేతిలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ పీటర్ వెల్స్ ఓడాడు. ఆ ఏడే నార్వేలో గుకేశ్ చేతిలో ఓడి, అయిదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన కార్ల్‌సన్ బల్ల మీద పిడికిలితో గుద్దాడు. గెలిచే ఆట చేతులారా పోగొట్టుకుంటే ఎవరికైనా మండుతుంది, కాదనను. కానీ పదమూడేళ్ళప్పుడు ఆయన కూడా అప్పటి నంబర్ వన్ కాస్పరోవ్‌ను డ్రాకు దించి చెమటలు పట్టించినవాడే. మన ఓరుగల్లు అర్జున్ ఎరిగైసి పద్నాలుగేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయితే జబ్బలు చరుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు ఎవరి పాయింట్లు తెగాయో నేనూ ఆలోచించలేదులే.

ప్రైజుల సంగతి ఎత్తితే ఇంకా మండుతుంది. అండర్ 7, అండర్ 9, అండర్ 11, అండర్ 13, ఆపైన అరవై దాటిన వెటరన్లకు ఒక కప్పు. నలభై ఆరేళ్ళవాడికి ఎంట్రీ ఫీజు రసీదు.

ఒకటో తారీఖున కొత్త లిస్టు వేస్తావు. నాకు 1683 వేస్తావు, వాడికి 1463. చూసుకోకుండా ఉండగలనా? పొద్దున్నే లేచి చూసుకుంటాను, అది నీకూ తెలుసు. వాడి ఆట ఆ పొద్దుకే ఇంకో వంద పాయింట్లు పైన ఉంటుంది. ఆ 1463ను నమ్మి మిర్యాలగూడ నుంచో సూర్యాపేట నుంచో ఇంకో అంకుల్ బస్సెక్కి వచ్చి ధీమాగా వాడి ఎదుట కూర్చుంటాడు. నేను చెప్పను. నాకు ఎవరు చెప్పారని?

ఇట్లు,
ప్రస్తుతానికి 1683