పండుగనాడు పిలిస్తే సరిపోతుందా?

సమాజంలోని అన్ని వర్గాలకూ చోటిస్తున్నారా అని ప్రజాధనంతో నడిచే ప్రసార సంస్థను ఎవరైనా నిలదీస్తే, అది సాధారణంగా తన కార్యక్రమాల పట్టికను ముందు పెడుతుంది. ఫలానా మతానికి వారంలో అరగంట, ఫలానా భాషలో రోజుకో బులెటిన్, ఫలానా పర్వదినాన ప్రత్యక్ష ప్రసారం. ఆ పట్టికలో అబద్ధం ఉండదు గానీ, అడిగిన ప్రశ్నకు అది సగం జవాబే. అల్పసంఖ్యాక మతానికి చెందిన వైద్యుడిని ఆ మతం పండుగకు స్టూడియోకు పిలిచి ఉపవాసం విశిష్టత చెప్పమంటారు. ఊళ్లో జ్వరాలు ప్రబలినప్పుడు మాత్రం ఆయన ఎవరికీ గుర్తురాడు. ఆయన మతానికి తెర మీద చోటు దొరికింది, ఆయన వైద్యానికి దొరకలేదు.

ఈ తేడాను పాలకమండలిలో కుర్చీలు వేసి సరిదిద్దవచ్చని నమ్మిన దేశాల్లో జర్మనీ ముఖ్యమైనది. అక్కడి ప్రజా ప్రసార సంస్థ జెడ్‌డీఎఫ్ టెలివిజన్ మండలిలో చర్చిలు, యూదుల కేంద్ర మండలి, కార్మిక సంఘాలు తమ ప్రతినిధులను నేరుగా పంపుతాయి. ఈ మండలిలో ప్రభుత్వాలకూ పార్టీలకూ చెందినవారి వాటా మూడో వంతుకు మించరాదని 2014 మార్చి 25న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత మండలి సభ్యుల సంఖ్యను 77 నుంచి 60కి తగ్గించి, ముస్లింలకు, లైంగిక అల్పసంఖ్యాకులకు కొత్తగా స్థానాలు కల్పించారు. మంచి సంస్కరణే. అయితే చర్చికి ఉన్నట్టు అందరి తరఫునా మాట్లాడే ఒకే సంస్థ ముస్లింలకు లేదు కనుక, వారి ప్రతినిధి లోయర్ సాక్సనీ రాష్ట్రం తరఫున రావాలని ఏర్పాటు చేయాల్సి వచ్చింది. కుర్చీల పద్ధతిలోని అసలు చిక్కు ఇక్కడే బయటపడుతుంది. కుర్చీ దక్కేది వర్గానికి కాదు, ఆ వర్గంలో అప్పటికే సంఘం కట్టుకుని లెటర్‌హెడ్ అచ్చువేయించుకున్నవారికి. అదే వర్గంలో పెద్దల మాట కాదన్న స్త్రీలు, మతాన్ని వదిలేసినవారు, సొంతవాళ్లే దూరం పెట్టినవారు ఆ ఒక్క గొంతులో వినపడరు.

ప్రత్యేక శీర్షికల సంగతి ఇంకొక రకం. బీబీసీ రేడియో 4 ఉదయపు వార్తల నడుమ వచ్చే 'థాట్ ఫర్ ది డే'లో వేర్వేరు మతాలవారు వంతులవారీగా సుమారు మూడు నిమిషాలు మాట్లాడతారు. మతం లేనివారికీ అందులో అవకాశమివ్వాలన్న ఫిర్యాదులను 2009లో ఆ సంస్థను అప్పట్లో పర్యవేక్షించిన బీబీసీ ట్రస్టు తోసిపుచ్చింది. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో 37.2 శాతం తమకు మతం లేదని చెప్పారన్నది గమనిస్తే ఆ ఖాళీ చిన్నదేమీ కాదు. మిగతా కార్యక్రమమంతా మతంతో నిమిత్తం లేనిదే కదా అని సమర్థకులు అంటుంటారు. ఆ వాదనను తిరగేసి చూస్తే, విశ్వాసులకు మిగిలింది ఆ మూడు నిమిషాలేనన్నమాట! ఇద్దరికీ నష్టమే.

నాకు వీటన్నిటికన్నా ఆస్ట్రేలియా మొదలుపెట్టిన తీరు నచ్చుతుంది. 1975లో సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో రెండు చిన్న రేడియో కేంద్రాలు వలసవచ్చినవారి భాషల్లో మాట్లాడటం ప్రారంభించాయి. ప్రభుత్వం కొత్తగా తెచ్చిన మెడిబ్యాంక్ ఆరోగ్య బీమాను వారికి అర్థమయ్యేలా వివరించడం వాటి తక్షణ అవసరం. అంటే ఆ ప్రసారం వారిని పాటలూ పండుగలూ ఉన్న జనంగా కాక, ఆస్పత్రి ఖర్చుకు దిగులుపడే పౌరులుగా పలకరించింది. వాటి వారసురాలైన ఎస్‌బీఎస్ ప్రసార సంస్థ నేడు అరవైకి పైగా భాషల్లో ప్రసారాలు చేస్తూ, ఐదేళ్లకోసారి వచ్చే జనగణనను బట్టి ఆ జాబితాను సవరించుకుంటుంది. తలల లెక్కతోనే సరిపెట్టకుండా, ఇంగ్లిషు ఎంతమందికి రాదు, ఇటీవల వచ్చినవారెందరు అన్నవీ చూస్తుంది.

మన దేశంలో 1990 నాటి ప్రసార భారతి చట్టం మాటల్లో ఏ లోటూ లేదు. అల్పసంఖ్యాకుల, గిరిజనుల ప్రత్యేక అవసరాలకు తగిన కార్యక్రమాలు అందించడం, అంటరానితనం వంటి దురాచారాలను ఎదుర్కోవడం, వివిధ ప్రాంతాల భాషాసంస్కృతులకు తగిన చోటివ్వడం సంస్థ విధులని 12వ సెక్షన్ చెబుతుంది. ఆ విధి నెరవేరిందో లేదో దేనితో కొలవాలన్నది మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. చట్టం ఆగినచోట వార్తాగది అలవాటే రాజ్యమేలుతుంది.

కొలవడం అసాధ్యమేమీ కాదు. బీబీసీలో 2017లో మొదలైన 'ఫిఫ్టీ ఫిఫ్టీ' ప్రయత్నంలో ప్రతి బృందమూ తన కార్యక్రమంలో మాట్లాడిన స్త్రీ పురుషులను తానే లెక్కపెట్టుకుంటుంది. వార్తకు తప్పనిసరైన వ్యక్తులు, ప్రధానమంత్రి వంటివారు, ఆ లెక్కలోకి రారు. బృందం తానుగా ఎంచుకుని పిలిచినవారే వస్తారు. ఈ నియమంలోని తెలివి అంతా అక్కడే ఉంది. మతాన్ని, కులాన్ని ఇలాగే లెక్కించబోతే పేరునూ వేషాన్నీ చూసి ఊహించే ప్రమాదం ఉంది కాబట్టి, వచ్చినవారు ఇష్టపడి చెబితేనే నమోదు చేసుకోవాలి. అసంపూర్ణమైనా ఆ లెక్క ఉంటే కనీసం నిర్మాత ఫోన్‌లోని పేర్ల జాబితా బయటపడుతుంది. ఆర్థికానికి ఇద్దరు, వైద్యానికి ముగ్గురు, న్యాయానికి ఒకరు. ఏళ్ల తరబడి వాళ్లే. 'పండుగలు' అని రాసుకున్న పేజీలో ఉన్న పేర్లు మాత్రం ఇంకే పేజీలోనూ ఉండవు. బులెటిన్‌కు గంట వ్యవధి ఉందనగా ఆయన వేలు నొక్కేది తెలిసిన నంబరునే.