సొమ్ము పంచాయతీకా, పక్క పట్నానికా?

పల్లెలూ వాటిని అంటిపెట్టుకున్న చిన్న పట్నాలూ మళ్లీ నిలబడాలంటే ప్రభుత్వ సొమ్ము ఎవరి చేతికి రావాలి? ఈ ప్రశ్న మీద ఇద్దరి వాదన ఇది. ఒకరు కృష్ణా డెల్టాలో సర్పంచ్‌గా చేసి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కొడుకు దగ్గర ఉంటున్న బాబాయ్. రెండోవారు ఆయన అన్నగారి అమ్మాయి, ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. నా మొగ్గు బాబాయ్ వైపే. అయినా ఆ అమ్మాయి అడిగినవాటిలో ఒకటి రెండింటికి ఆయన దగ్గర జవాబు లేదు. అవి కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బాబాయ్: ముందు లెక్క చూడు అమ్మాయ్. 2021-26కి, కేంద్రం సొమ్ము ఎవరికెంత పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. వినడానికి పెద్ద మొత్తమే. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే పెట్టాలన్నారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, కానీ జీతాలకు వాడకూడదన్నారు. కట్టడానికి డబ్బుంటుంది, కట్టినదాన్ని చూసుకునే మనిషికి ఉండదు.

అమ్మాయి: అందుకే ఊరూరికీ పంచొద్దంటున్నా. మన రాష్ట్రంలో 13 వేలకు పైగా పంచాయతీలున్నాయి. అన్నిటికీ పంచితే చివరికి చిల్లరే మిగులుతుంది. చెత్త నుంచి సంపద తయారుచేస్తామని ఊరికో షెడ్డు వేశారు కదా, మన ఊరిదే చూడండి. గేటుకు తాళం. తొట్లలో ఎరువు బదులు గడ్డి మొలిచింది. మూడు చక్రాల బండికి టైర్లు లేవు. చెత్తేమో చెరువు గట్టు మీద తగలబడుతోంది.

బాబాయ్: ఆ షెడ్డు మేమడిగామా? ప్లాను పైనుంచి వచ్చింది, కొలతలు పైనుంచి వచ్చాయి, ఫలానా తేదీలోగా ఫొటో అప్‌లోడ్ చెయ్యమని ఫోన్లు కూడా పైనుంచే. మేమడిగింది రెండో మోటారు. నడివేసవిలో ట్యాంకు మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపువాడు డబ్బు చేతిలో పడితేగానీ ఇవ్వడు. పంచాయతీ బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కి, పాసై, డబ్బు పడేదాకా ఊరంతా బిందెలు పట్టుకుని కూర్చోవాలా? సర్పంచ్ జేబులోంచి కడతాడు. తిరిగి వస్తే అదృష్టం.

అమ్మాయి: అది పాత టెన్షనే, కాదనను. కానీ మోటారు బాగుపడినంత మాత్రాన పిల్లలు ఊళ్లో ఉంటున్నారా? రోడ్డుంది, కరెంటుంది. పనే లేదు. దుగ్గిరాల పసుపు యార్డు, గుంటూరు మిర్చి యార్డు, మంగళగిరి నేత... సరుకూ కొనేవాడూ కలిసే చోటే పని పుడుతుంది. రేపల్లె, పొన్నూరు లాంటి పట్నాల్లో రాత్రిపూట కూడా డాక్టరుండే ఆసుపత్రి, ఉద్యోగం చేసే ఆడపిల్లలకు హాస్టలు, ఊళ్లకు తిరిగే ఆఖరి బస్సు పెట్టండి. చుట్టూ ఇరవై ఊళ్లు బతుకుతాయి. రేపల్లె నుంచి తెనాలి మీదుగా వచ్చే రైల్లో రోజూ కూలికీ చదువుకీ వచ్చేవాళ్లను చూశారు కదా. వాళ్లు ఊరు వదల్లేదు. వెళ్లి రావడానికి దారుంది కాబట్టే వదల్లేదు.

(ఈ మాటకు నేనూ తలూపాను. ఊరు ఖాళీ కాకుండా ఆపుతున్న వాటిలో ఆ రైలుకున్నంత పాత్ర ఏ సిమెంటు పనికీ లేదు.)

బాబాయ్: రైలు వెయ్యమను, బస్సు వెయ్యమను. అడ్డమెవరు? అది పంచాయతీ సొమ్ముతో ఎందుకంటున్నా. అన్నీ ఒకచోట కలిపితే పెద్ద ఊరి మాటే చెల్లుతుంది. మంగళగిరి, తాడేపల్లి చుట్టుపక్కల ఊళ్లను 2021లో కార్పొరేషన్‌లో కలిపారు. అంతకుముందు కాల్వ పొంగితే సర్పంచ్‌ని ఇంటికొచ్చి నిలదీసేవాళ్లు. ఇప్పుడు అర్జీ రాసుకుని ఆఫీసుకు పోవాలి.

అమ్మాయి: నిలదీస్తే కాల్వ బాగయ్యేదా?

బాబాయ్: పారతో తీయించేవాణ్ని! డబ్బు లేకపోయినా మొహం చాటెయ్యడానికి ఉండేది కాదు. పంచాయతీని ఎంత చులకనగా చూశారో చెప్పనా? 2024 దాకా పంద్రాగస్టు జెండా పండగ ఖర్చుకు మైనర్ పంచాయతీకి ఇచ్చింది 100 రూపాయలు, మేజర్ పంచాయతీకి 250. పిల్లలకు బిళ్లలు కూడా రావు. ఆ ఏడు 10 వేలు, 25 వేలు చేశారు, సంతోషం. కానీ అన్నేళ్లు వంద రూపాయలతో జెండా ఎగరెయ్యమన్నవాళ్లు మాకు అధికారమిచ్చామని ఎలా చెప్పుకున్నారు? పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ పనులంటూ 11వ షెడ్యూల్లో 29 అంశాలు రాశారు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి ఊరికి ఉద్యోగుల్ని ఇచ్చారు. వాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో శాఖకు జవాబు చెబుతారు. సర్పంచ్ అడిగితే "మా పైవాళ్లను అడగండి" అంటారు.

అమ్మాయి: ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కినప్పుడు నేనూ మీ పక్షమే. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు అయిపోతే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలే పెట్టలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నిధులు ఆగుతాయని తెలిసీ పెట్టలేదు. అదంతా అన్యాయమే. కానీ బాబాయ్, ఇంటి పన్ను సంగతేంటి? అమెరికా డబ్బుతో మూడంతస్తులు కట్టిన ఇంటికీ పక్కనున్న రేకుల ఇంటికీ పన్నులో ఎంత తేడా ఉంది? మీ హయాంలో ఎన్ని ఇళ్లు మళ్లీ కొలిపించారు?

బాబాయ్ కాసేపు మాట్లాడలేదు.

బాబాయ్: కొలిపించలేదు. ఊళ్లో అందరూ మనవాళ్లే. కొలిస్తే ఓటు పోతుంది.

అమ్మాయి: మరి ఢిల్లీ నుంచో అమరావతి నుంచో వచ్చే సొమ్మును స్వేచ్ఛగా ఖర్చుపెట్టుకుంటాం, మా ఊళ్లో మేడను మాత్రం కొలవబోమంటే ఎలా?

బాబాయ్: కొలవాలి. ఒప్పుకుంటా. కానీ వసూలు చేసిన పన్ను ఎక్కడ ఖర్చయిందో కనబడితే జనం కడతారు తల్లీ. వీధిలైటు వెలగనివాడి దగ్గర పన్ను పెంచి చూడు!

అమ్మాయి: సరే, ఆ 60, 40 తిరగేసి మీ చేతికి 60 ఇచ్చారు, జీతాలకూ వాడుకోమన్నారు. మొదటి రూపాయి దేనికి?

బాబాయ్: ఆలోచించే పనే లేదు. మోటార్లు, లైట్లు, వాల్వులు చూసుకునే కుర్రాణ్ని ఏడాది పొడుగునా పెడతా. ఊళ్లో ఐటీఐ చదివినవాళ్లు ఉన్నారు. హైదరాబాదు పోయి ఇంకొకరి అపార్టుమెంట్లో అదే పని చేస్తున్నారు.

అమ్మాయి: ఒక్క ఊరి మోటార్లకు ఒక మనిషెందుకు? ఐదూళ్లకు కలిపి ఇద్దరు, ఓ బండి, సిద్ధంగా ఓ స్పేరు మోటారు. ఖర్చు తగ్గుతుంది, కుర్రాళ్లకు కాస్త మంచి జీతమూ వస్తుంది.

బాబాయ్: ఐదూళ్లయితే సరే. కానీ జీతం బిల్లు మీద సంతకం ఐదుగురు సర్పంచులది. మండలాఫీసుది కాదు.

అమ్మాయి: సంతకం మీరే పెట్టుకోండి బాబాయ్. ముందు ఆ ఐదూళ్లలో ఇళ్లు కొలిపించి రండి.